బావగారి సార్టింగు

లోకంలో రోగాలు ఎన్నున్నా, బావగారి దృష్టిలో అవి మూడే రకాలు: ఆర్డినరీ, రిజిస్టర్డు, టెలిగ్రాము. పోస్టాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. ఉత్తరాలు దొరక్క జబ్బుల మీద పడ్డారు. ఆయన మరదలు, అంటే తమ్ముడి భార్య, కింది వాటాలో బట్టలు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు తుమ్మితే చాలు, ఆయన మెట్లు దిగేవారు.

"జలుబా? ఆర్డినరీ. వేణ్ణీళ్ళు తాగి పడుకోండి. నాలుగు రోజుల్నుంచి జ్వరమా? రిజిస్టర్డు. వీధి చివరి డాక్టరు చేతికే అందాలి."

"మరి నా కడుపుబ్బరమో?" అంది ఓ టీచరమ్మ.

"రాత్రి ఎన్నిసార్లు వడ్డించుకున్నారు?"

"మూడు..."

"పంపినవారికే వాపసు!"

మరదలికి తలకొట్టేసినట్టుండేది. పైగా ఆయన వారానికి రెండుసార్లు, ఏ జబ్బూ లేకుండా, ఆస్పత్రుల్లో కూర్చుని వచ్చేవారు. అడిగితే "తనిఖీ" అనేవారు. ఏసీ కోసమని ఆవిడ గట్టి నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే, ఆవిడ భర్త, గడియారాలు బాగుచేసేవాడు, కాఫీ తాగుతుంటే, అది మూతి పక్కనుంచి కారిపోయింది. "ఏం లేదు" అనబోయి ఇంకేదో అన్నాడు.

"నిద్ర చాలలేదేమో. వీధి చివరి డాక్టరుకి చూపిద్దాం," అందావిడ.

బావగారు తమ్ముడి ముందు నిలబడ్డారు. "ఒరేయ్, రెండు చేతులూ ఎత్తు." ఎడమచెయ్యి దానంతటదే దిగిపోయింది.

"టెలిగ్రాము!"

"పోనీ ఆ కొత్త ఆస్పత్రి దగ్గరే కదండీ..."

"పాలరాయి బ్రహ్మాండంగా ఉంటుందమ్మా. తలకి స్కాన్ తీసేవాడు మాత్రం పదింటిగ్గానీ రాడు. పెద్దాసుపత్రికే. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. కాఫీ ఎన్నింటికి ఒలికింది?"

"ఏడూ పది."

"గుర్తుంచుకో. డాక్టరు మొదట అడిగేది అదే."

అదే అడిగాడు. స్కాన్ తీసి ఇంజెక్షన్ ఇచ్చి, "గంటలోపు తెచ్చారు. అదే మేలు చేసింది," అన్నాడు. సాయంత్రానికి మాట తేటపడింది. వార్డులో గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందని రోగి ఎడమచేత్తోనే చూపించాడు. మరదలు అప్పుడు ఏడ్చింది.

నర్సు ఫారం పట్టుకొచ్చింది. "పేషెంటు మీకేమవుతారు బాబాయ్?"

"తమ్ముడు."

నర్సు కలం ఆగిపోయింది. "ఈ నెలలో ఇది ఆరో తమ్ముడు!"

"ఇతను సొంత తమ్ముడమ్మా!"

"మొన్న నిచ్చెన మీంచి పడ్డ పెయింటరు గురించీ ఇలాగే ఒట్టేశారు. వెంట ఎవరూ రాలేదంటే చాలు, మీరే అన్నయ్య. రాత్రంతా బెంచీ మీదే."

మరదలు చటుక్కున ఆయన వైపు తిరిగింది. బావగారు, దొంగతనం బయటపడ్డవాడిలా, పైకప్పు పరిశీలించారు. "ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం చూడ్డానికి బాగోదమ్మా," అని గొణిగారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అయితే బావగారూ, నాకిప్పుడు ఎంతమంది తోడికోడళ్ళు?"

ఆయన వేళ్ళు మడిచి చూసుకున్నారు.

"ముగ్గురే తల్లీ. ఇద్దరికింకా సంబంధాలు చూడాలి."