జైనాబీ ఖాలా పాడిన రెండు చరణాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో మా వరండాలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాను. లోపల మా ఆయన టీవీలో ఏదో సినిమా పెట్టాడు. ముందు డోలు మోత వినిపించింది. దాని వెంటే ఒక ఆడమనిషి గొంతు, నాకు తెలియని భాషలో, ఎవరినో పోవద్దని బతిమాలుతున్నట్టు సాగింది. నా చేతులు ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళ కింద గద్వాలలో, పగిలిన అద్దమున్న ఒక ఫోనులో, ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. "అది మార్చకండి" అని లోపలికి ఒక్క అరుపు అరిచాను. మా ఆయన బయటికొచ్చి నా కళ్ళు చూసి, సినిమా అంత బాగుంటుందా అని అడిగాడు. జైనాబీ ఖాలా గురించి ఆయనకు చాలాసార్లు చెప్పాను. ఆమె గొంతు ఎలా ఉండేదో మాత్రం ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయాను.

గద్వాలలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది ఆమె. ఖాలా అంటే పిన్ని, మా వీధి పిల్లలందరికీ ఆమె ఖాలాయే. మా అమ్మానాన్నలు మగ్గం మీద నేసిన చీరలకు ఫాల్ కుట్టేది. అది ఆమె పొట్టకూటి పని. అసలు పని వేరే. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళందరూ ఒక చోట చేరితే మధ్యలో డోలక్ పెట్టుకుని పాడేది. వాళ్ళ నిఖాలకే కాదు, మా పసుపు దంచే రోజున కూడా ఆమె రావలసిందే. పెళ్ళికొడుకు తల్లిని ఆటపట్టించే పాటలకు ముసలివాళ్ళు కూడా పళ్ళు లేని నోళ్ళతో పడీపడీ నవ్వేవాళ్ళు. తియ్యని గొంతేమీ కాదు ఆమెది. పైకి పోయినప్పుడు కొంచెం జీర వచ్చేది. ఏ పాటైనా సరిగ్గా ఆ జీర దగ్గరే ఆడవాళ్ళ కళ్ళు తడిసేవి. నాకు పదేళ్ళప్పుడు నా చేతికి ఒక స్టీలు చెంచా ఇచ్చి డోలక్ చెక్క మీద తాళం కొట్టమంది. రెండు మూడు పెళ్ళిళ్ళు తప్పుతాళమే కొట్టాను. ఒక్కసారీ తిట్టలేదు. నా చెయ్యి ఎటు పోతే తన పాటను అటు తిప్పుకునేది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆమెకు ముప్పై ఏళ్ళన్నా నిండకముందే భర్త వదిలేసి పోయాడట. భర్త పోయినా ఆయన తమ్ముడు మాత్రం వచ్చి పోతుండేవాడు, పెత్తనం చేయడానికి. ఒకరోజు నేను అక్కడే చీర మడతపెడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, పెండ్లిండ్లల్ల పాడుడు బంద్ చెయ్యి. నలుగురిల ఇజ్జత్ పోతున్నది."

ఖాలా తల ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కించుకుంటూ అంది. "పాడితే పోయే ఇజ్జత్ అయితే పోనియ్యి. ఫాల్ కుట్టి పొయ్యి ముట్టిస్తున్నది నేను. నువ్వు గాదు గద?"

అతను పోయాక ఆ చీర ఫాల్ పూర్తిచేసింది. ఆ సాయంత్రం ఎవరింట్లోనూ పెళ్ళి లేదు. అయినా డోలక్ కిందికి దించి పాడింది.

ఫోనుల్లో పాట పట్టడానికి మాత్రం ఎవరినీ ఒప్పుకోలేదు. "ఎదురుంగ కూసున్నోళ్ళకే నా పాట. డబ్బిల పెట్టుకునేదానికి ఇది అప్పడం గాదు" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఎంత తెలివితక్కువగా నవ్వామో ఇప్పుడు తెలుస్తోంది.

షబానా ఆమె అక్క కూతురు. అక్క చనిపోతే ఏడాది పిల్లను చంకనేసుకుని తెచ్చుకుని పెంచింది. నాకూ షబానాకూ ఒకే ఈడు. "ఊర్ల ఆడపిల్లలందర్ని నేనే పాడి సాగనంపిన. నా షబానాకు ఎట్ల పాడుతనో సూడుండ్రి" అని చిన్నప్పటి నుంచి చెప్పేది. ఆ రోజు కోసమే ఒక పాట తనే కట్టి దాచుకుంది. అందులో గడప దాటే పిల్లను గడపే ఆపి అడుగుతుంది, నన్ను దాటి పోతున్నావు, మళ్ళీ ఎప్పుడు దాటి వస్తావని. ఆ చివరి అడగడం పొడుగాటి లైను, ఒక్క ఊపిరిలో పాడాలి.

షబానాకు వనపర్తి సంబంధం కుదిరిన నెలలోనే ఖాలా మెడ కింద గడ్డ కనిపించింది. గొంతు మారినా మారవచ్చని దవాఖానలో ముందే చెప్పారు. ఆపరేషన్ బాగానే అయింది, గడ్డ పోయింది. గొంతు కూడా పోయింది. మాట్లాడితే గాలి వచ్చేది, అంతే. పెళ్ళికి నాలుగు నెలలుంది. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. షబానా అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో ఒక స్నేహితురాలు మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చిన సినిమాల్లో ఆ సినిమా ఉంది, ఆఫ్రికాది. ఏ దేశానిదో నాకు ఇప్పటికీ తెలియదు. అందులో ఒకామె రేవు పక్కన చేపలమ్ముతూ పాడుతుంటుంది. మొగుడు వద్దంటాడు, అన్నలు కొడతారు, ఆమె ఊరు మారి పాడుతుంది. ఖాలాకు పొద్దుపోతుందని పెట్టాను. కింద వచ్చే ఇంగ్లీషు చదివి చెప్పబోతే నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. మాటలు వద్దట, పాటలు చాలట. రోజూ పెట్టించుకునేది. నాలుగో రోజో ఐదో రోజో, హీరోయిన్ పెద్ద వేదిక మీద పాడే చోట ఆపమని సైగ చేసింది. ముఖం ఫోనుకు దగ్గరగా పెట్టి చూసి, గాలిలాంటి ఆ గొంతుతో అంది.

"ఈ పిల్ల పాడుతలేదు. గొంతు వేరేటోళ్ళది. ఊపిరి పీల్చేకాడ మెడ కదులుతలేదు సూడు."

"సినిమాల్లో అంతే ఖాలా. వెనక వేరేవాళ్ళు పాడతారు."

ఆ చోటును ఇంకోసారి పెట్టించుకుని చూసింది. తర్వాత లేచి కూర్చుంది. ఆపరేషన్ తర్వాత ఆమె తనంతట తాను లేచి కూర్చోవడం అదే మొదటిసారి. "గయితే షబానా పెండ్లిల నువ్వు నా ఎనుక కూసో. నేను పెదవులు ఆడిస్త" అంది.

చెంచా కొట్టడం వేరు, ఖాలా గొంతు అవడం వేరు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. రోజూ షబానా ఇంట్లో లేనప్పుడు తలుపు మూసి సాధన. పెదవులతో ఆమె పాట చెప్పేది, నేను గొంతు ఇచ్చేదాన్ని. తప్పితే చెంచాతో మోకాలి మీద ఒకటి పడేది. ఆ పొడుగు లైను మాత్రం నాలుగుసార్లలో ఒకసారి దక్కేది. మిగతా మూడుసార్లు మధ్యలోనే నా ఊపిరి అయిపోయేది.

పెళ్ళి వనపర్తిలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళ వైపు డోలక్ పెట్టారు. పెళ్ళికొడుకు వాళ్ళు పిలిపించిన వీడియో అమ్మాయి ఎవరినీ అడగకుండానే కెమెరా తెరిచింది. ఖాలా డోలక్ పట్టింది. నేను తల నిండా చున్నీ కప్పుకుని ఆమె వీపు వెనక కూర్చున్నాను. ఆమె పెదవులు కదిలాయి, నేను పాడాను. రెండు చరణాలు ఎలా దాటాయో నాకే తెలియదు. ఎవరికీ అనుమానం వచ్చినట్టు లేదు, మా ఊరివాళ్ళు ఖాలాకు గొంతు తిరిగొచ్చిందనే అనుకున్నట్టున్నారు. మూడో చరణంలో గడప అడిగే చోట నా ఊపిరి తెగిపోయింది. పాట ఆగింది. ఖాలా పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

నేను చచ్చిపోతే బాగుండు అనుకున్నాను. ఖాలా వెనక్కి తిరిగి, నా మణికట్టు పట్టి అందరి ముందుకూ లాగింది. చున్నీ తీసేసింది. చెవి దగ్గరికొచ్చి అంది.

"నా దమ్ము నీకెట్లొస్తది బిడ్డా? నీదెంతుంటే గంతే పాడు."

డోలక్ మళ్ళీ మొదలుపెట్టింది, నా ఊపిరికి సరిపోయేంత నెమ్మదిగా. లైనును రెండు ముక్కలు చేసి పాడాను. షబానా వచ్చి మా ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. "గొంతు నీదని మొదటి మాటకే తెల్సింది పద్మా. ఖాలా పెదవులు సూసుకుంట ఏడ్చిన" అంది.

ఖాలా ఇంకో రెండేళ్ళు బతికింది. గొంతు రాలేదు. నాకు టీచరు ఉద్యోగమొచ్చి నాగర్‌కర్నూల్ వచ్చేశాను. ఇప్పుడూ ఎవరైనా పెళ్ళికి పాడమంటే పాడతాను. ఊపిరి అయిపోయిన చోట ఆగుతాను, సిగ్గుపడను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా నాకు రానిది రాదనే చెప్తాను. అది ఆమె నాకిచ్చింది. కానీ ఆమె గొంతులో పాట ఒక్కటి, ఒక్క లైను, ఎక్కడా లేదు. ఆ జీర గురించి ఇన్ని మాటలు రాశాను గానీ, చెవిలోకి తెచ్చుకుందామంటే రావడం లేదు. ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

కిందటి నెల వనపర్తిలో షబానా ఇంటికి వెళ్ళాను. ఆమె కూతురు ఆలియాకు ఆరేళ్ళు, ఖాలాను నానీ, అంటే అమ్మమ్మ అంటుంది. పెళ్ళి వీడియో పెట్టి చూపించింది. తడబడిన భాగం బాగాలేదని ఆ వీడియో అమ్మాయి తీసేసిందట. మొదటి రెండు చరణాలే మిగిలాయి. తెర నిండా ఖాలా ముఖం.

"మా నానీ ఎంత మంచిగ పాడుతుంది, సూడు ఆంటీ!"

షబానా నా వైపు చూసింది.

"అవును బిడ్డా, చాలా మంచిగ పాడేది" అన్నాను.

ఆలియా మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఖాలా పెదవులు కదిలాయి. నేను కళ్ళు మూసుకుని ఆమె గొంతు కోసం వెతికాను. నా గొంతే వినిపించింది.