నిమ్మరసం గీతలు

ఆమె నేర్చింది ల్యాబ్ పని. పేటంతా పిలిచేది మాత్రం ముక్కుపుల్లక్క అని. మహమ్మారి రోజుల్లో ఆస్పత్రి ముందు రేకుల గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేసేది. కిట్టు మీద రెండు గీతలు వస్తే జబ్బున్నట్టు. జనం తుమ్మేదీ ఆమె మీదే, తిట్టేదీ ఆమెనే.

తమ్ముడిది మైకుసెట్ల అద్దె వ్యాపారం. సభలు ఆగిపోయినా వాడి నోరు ఊరుకోలేదు. "అసలు ఆ వైరస్‌ని విడిగా పట్టి చూపించినవాడెవడు?" అని కూడలిలో అందుకున్నాడు. ఒకరోజు అక్క సంచిలోంచి కిట్టు కొట్టేసి, అందరి ముందూ దాని మీద నిమ్మకాయ పిండాడు. రెండు గీతలు! చప్పట్లే చప్పట్లు. పులుపు పడితే కిట్టు పాడై అలా చూపిస్తుందని ఆమె మొత్తుకుంది. మైకున్నవాడి ముందు మాస్కున్నదాని గొంతు ఏపాటి?

ఆ వారంలోనే తల్లికి జ్వరం, దగ్గు. టెస్టు చేస్తే రెండు గీతలు.

"ఆస్పత్రికి పదమ్మా," అంది కూతురు.

"నిమ్మకాయకీ వచ్చాయిగా, దాన్నీ చేర్పించు," అన్నాడు తమ్ముడు.

తల్లికి నవ్వొచ్చింది. "వాడు అంతమందికి చూపించాడు కదే. నన్నక్కడ ఒంటరిగా పడేయకండి," అంది. కొడుకు మాట ఆవిడకు వేదవాక్కు. ఊపిరందక కళ్ళు తేలేశాకగానీ బండి ఎక్కించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. ఆస్పత్రి గుమ్మంలోనే ప్రాణం పోయింది.

తమ్ముడు మైకు ముట్టలేదు, తిండీ ముట్టలేదు. చిక్కి సగమయ్యాక ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

"అక్కా, అమ్మకొచ్చినవీ నిమ్మకాయ గీతల్లాంటివేగా? ఉత్తివేగా?"

అవి నిజమైతే తల్లిని పొట్టనబెట్టుకున్నది వాడే. ఆ సంగతి వాడికీ తెలుసు. నిజం చెబితే వీడు కూడా దక్కడని ఆమెకు భయం పట్టుకుంది.

"అవున్రా. ఉత్తివే," అంది.

వాడు ఆమె ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. ఆమెకు మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు రేకుల గది ముందు జనం వరసలో ఉండగా కూడలి నుంచి మైకు మోగింది.

"నన్ను నమ్మకండి! టెస్టులు చేసే మా అక్కే తన నోటితో చెప్పింది, అన్నీ ఉత్తివేనని!"

వరస చెదిరిపోయింది. ముందు కుర్చీలో దగ్గుతున్న ముసలాయన కూడా లేచాడు.

"కూర్చోండి బాబాయ్, మీకు జ్వరంగా ఉంది," అంది ఆమె, పుల్ల చేత్తో పట్టుకుని.

"నువ్వే చెప్పావటగా తల్లీ," అంటూ ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.