రేపల్లె రైల్లో నల్లకోటు

తెనాలిలో రేపల్లె రైలెక్కే లాయర్లంతా నల్లకోటు సంచిలో పెట్టుకుంటే, శ్యాంప్రసాద్ గారొక్కరే రోహిణి ఎండల్లో కూడా దాన్ని తొడుక్కునే ఎక్కుతారు. మెడ వెనక చేతిరుమాలు, చంకలో ఇన్సూరెన్సు కంపెనీ ఫైలు, చెంపల మీద ధారగా చెమట. ముప్పై ఏళ్లుగా కంపెనీల తరఫునే వాదిస్తున్నారు. సాక్షిని అడిగేముందు కళ్లజోడు తుడుచుకుంటారు. గొంతు పెంచరు, పట్టు వదలరు. "కోటు మీద అంత మోజేంటండీ?" అని కుర్ర లాయర్లు నవ్వితే తనూ నవ్వేస్తారు.

మొదట్లో ఆయన కోటూ సంచిలోనే ఉండేది. ఒకరోజు ఎదురు సీట్లో కూర్చున్న మున్నీసా అనే ఆమె మాటలు కలిపింది. లారీ గుద్ది తన భర్త రఫీ పోయాడని, ఇవాళే రేపల్లె కోర్టులో సాక్ష్యమని చెప్పింది. శ్యాంప్రసాద్ గారి ఒళ్లో ఉన్న ఫైలు ఆ కేసుదే. "కంపెనీ లాయరు ఏం అడుగుతాడోనని భయంగా ఉందన్నయ్యా. అసలు ఆ రోజు ఏం జరిగిందంటే..." ఆ ఒక్క మాట వింటే కేసు గెలిచినట్టే. ఆయన గబుక్కున లేచి కోటు తీసి తొడుక్కున్నారు.

"ఆగమ్మా. ఆ లాయర్ని నేనే. నాతో ఇంకేం చెప్పొద్దు."

కోర్టులో మాత్రం ఆమెకు ఊపిరి సలపనివ్వలేదు. ఫైల్లో ఉన్నవన్నీ అడిగారు. లేనిది ఒక్కటీ అడగలేదు. ఆ కేసు చివరికి కంపెనీ ఓడిపోయింది కూడా. సాక్ష్యం అయిన ఆ సాయంత్రమే తిరుగు రైల్లో బోలెడు ఖాళీ ఉన్నా, మున్నీసా వచ్చి ఆయన ఎదురుగానే కూర్చుంది.

"ఉడికిపోతున్నారు, ఇప్పుడైనా ఆ కోటు విప్పెయ్యండన్నయ్యా."

"ఈ పెట్టెలో నీలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనమ్మా."