చిన్నత్తకు రెండో విస్తరి

అక్షరాల్లో తప్పులుంటాయి, మన్నించండి. నేను చదివింది నాలుగో తరగతి. రాత కూడా వంకరే. పోయిన వారం మా చిన్నత్త కామెర్లతో చనిపోయింది. నా భర్త తండ్రి, అంటే మా మామ, ఆయన తమ్ముడి భార్య. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. కోటగిరి పక్కన మా పల్లెలో ఆమెను పిచ్చిదన్నారు, గాలి సోకిందన్నారు. ఆమె గురించి మంచి మాట రాసేవాళ్లు ఇంకెవరూ లేరు, అందుకే రాస్తున్నాను.

పొద్దున నా తల దువ్వి "నా బంగారు పిల్లా" అనేది. మధ్యాహ్నం, కూర ముందు ఇంకొకరికి వడ్డించానని కంచం విసిరేది. నేను పుట్టింటికి బయలుదేరితే "నువ్వు గూడ ఇడిసిపెట్టి పోతున్నవా" అని బండి చక్రం పట్టుకునేది. కోపం చల్లారాక తన చేతులనే గాయపరచుకునేది. ఎండాకాలంలోనూ వాటిని కొంగులో దాచేది. స్నానానికి కూర్చుంటే పీచుతో తోలు ఎర్రబడేదాకా రుద్దుకునేది.

ఎందుకో చెరుకు కోతలప్పుడు తెలిసింది. కోతవాళ్లకు సద్ది తీసుకుపోతుంటే మామ నా చెయ్యి పట్టి తోటలోకి లాగాడు. చిన్నత్త కొడవలి ఎత్తి వచ్చింది. ఆయన వదిలేసి నవ్వుకుంటూ పోయాడు. ఇంటికొచ్చి మూలన ముఖం దాచుకున్న నా పక్కన ఆమె కూర్చుంది.

"నీకేం సిగ్గు పిల్లా? నన్ను గా తోటల్నే పాడుచేసిండు. అరిస్తె ఎవలు రాలే. ముట్టినోడు ఊరంత తిరుగుతడు, పెయ్యి కడుక్కునేది నేను."

నేను అరవకముందే వచ్చిన మనిషి ఆమె.

చనిపోయిన మూడో రోజు కాలువ గట్టున ఆమె పేరున పిట్టకు అన్నం పెట్టారు. ఇంటి పెద్ద కాబట్టి మామే విస్తరి పెట్టాడు. ఒక్క కాకీ ముట్టలేదు.

"ఏం కోరిక మిగిలిందో అడుగుండ్రి" అంది ఒక ముసలమ్మ.

"కొత్త చీర పెడతం, కల్లు పోస్తం, తినవే!" అని ఆడవాళ్లు బతిమాలారు.

"పిచ్చిదానికి కోరికలేంది?" అని మామ నవ్వాడు. తోటలో నవ్విన నవ్వే.

ఆయన ముందు ఎన్నడూ నోరు విప్పని నేను ముసుగు తీశాను.

"చిన్నత్తా, నిన్ను పాడుచేసినోడు పెట్టిన బువ్వ ఎట్ల తింటవు? నన్ను తోటలకు గుంజింది గూడ గా చెయ్యే!"

"ఏం కూస్తున్నవే?"

"మల్ల సెప్పాల్నా మామా? ఇంక గట్టిగ సెప్పాల్నా?"

మామ భార్య, మా అత్త, ఆయన వైపు చూడలేదు. ఆ విస్తరిని కాలితో కాలువలోకి తోసింది. ఇంకో దాంట్లో అన్నం పెట్టి నా చేతికిచ్చింది.

"నువ్వు పెట్టు బిడ్డా."

ఇది చదివి పొయ్యిలో వేయండని అడుగుదామనుకున్నాను. అడగను. మామకు చదువు వచ్చు, ఆయనా చదవాలి.

పిట్ట దిగిందో లేదో నేను చూడలేదు. మామనే చూస్తున్నాను. ఆయన భుజం మీది తువ్వాల జారి బురదలో పడింది. వేరే రోజైతే ఎవరో ఒకరు వంగి తీసిచ్చేవారు. ఆ రోజు అందరూ దాన్ని తప్పుకుని నడిచిపోయారు.