పదకొండో స్తంభం, బాలమణి మేడం

మూడు రోజులుగా మా పక్క ఫ్లాట్‌లో వంటింటి గట్టుకి గ్రానైట్ కోస్తున్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదులే ఫిర్యాదులు. ఆ రొదకి నాకూ చిరాకే. కానీ మిషన్ కింద నీళ్లు పోసి కోస్తున్నప్పుడు తడిసిన రాతిపొడి వాసన ఒకటి లేస్తుంది చూశారా, అది ముక్కుకి తగిలితే మాత్రం చేస్తున్న పని వదిలేసి బాల్కనీ తలుపు తీసుకుని నిలబడతాను. మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ. ఆ వాసన నాకు బాలమణి మేడం వాసన. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చోవడం, ఏదో మీటింగ్ అడ్డొచ్చి లేచిపోవడం, ఇన్నాళ్లూ ఇదే అయింది. ఇవాళ లేవదలచుకోలేదు.

మాధాపూర్‌లో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో మా ఆఫీసు. పాత గుళ్లని, కోటల్ని లేజర్ స్కానర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో నక్షలు గీసివ్వడం మా పని. డ్రాయింగ్ సెక్షన్‌కి బాలమణి మేడం హెడ్. ఆవిడ పుట్టింది నల్లగండ్లలోనే, ఇన్ని అపార్ట్‌మెంట్లు రాకముందు. తాత, తండ్రి బండలు కొట్టి బతికినవాళ్లు. ఆవిడ డిప్లొమా చదివి, చేత్తో నక్షలు గీసే రోజుల్లోనే ఈ పనిలోకి వచ్చారు. నేను చేరిన మొదటి రోజు నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, ఎదురుగా మెరుస్తున్న ఒక పెద్ద టవర్ని చూపించారు. "గా బిల్డింగ్ కనవడ్తుందా? దాని కింద ఉన్న బండకు మొదటి దెబ్బ కొట్టింది మా తాతనే" అన్నారు. ఆ ముఖంలో బాధ వెతికాను, దొరకలేదు. అంతా గర్వమే.

నాది ప్రొద్దుటూరు. నోరు పెద్దది, చెయ్యి వేగం. ఇంజినీరింగ్‌లో మంచి మార్కులొచ్చాయన్న పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు? స్కానర్ గంటలో కొలిచేదాన్ని మేడం దారం, సుద్దముక్క పట్టుకుని మళ్లీ కొలవమనేవారు. "రాయికి చెయ్యి తగలాలె పిల్లా. చెయ్యి చెప్పేది మిషన్ చెప్పది" అనేవారు. నాకు ఒళ్లు మండేది. "మేడం, ఇది చేసేది లేజర్. వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తాది" అని వాదించేదాన్ని. "పడ్తది. ఎదురుగ ఉన్నదాన్ని పడ్తది. ఎనకున్నదాన్ని ఎట్ల పడ్తది?" అనేవారు. నేను మూతి ముడుచుకుని దారం పట్టుకునేదాన్ని. ఆవిడ చూడనప్పుడు చుట్టి సంచిలో పడేసేదాన్ని.

అలా పడేసిన రోజుల్లోనే వరంగల్ దారిలో లోపలికి ఉన్న ఒక ఊరి గుడి పని మాకు వచ్చింది. కాకతీయుల కాలంనాటి త్రికూటాలయం. అంటే మూడు గర్భగుళ్లు, మూడింటికీ ముందు ఒకటే రంగమండపం. నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి, వంగి చూస్తే మన ముఖం కనిపిస్తుంది. ఆ కాలంవాళ్లు పునాది గోతిలో ఇసుక దట్టించి, దాని మీద రాళ్లు పేర్చేవారు. ఎనిమిది వందల ఏళ్లు మోసిన ఆ ఇసుక ఒక పక్క జారి, మండపం ఉత్తరం వైపు ఒరిగింది. రాళ్లన్నిటికీ నంబర్లు వేసి, విప్పి, పునాది బాగుచేసి, మళ్లీ ఎక్కడి రాయి అక్కడ నిలబెట్టాలని నిర్ణయించారు. ఎక్కడి రాయి ఎక్కడో చెప్పాల్సింది మా నక్ష.

ఉత్తరం వైపు స్తంభాల అడుగుభాగం కూలిన రాళ్లలో, మట్టిలో కూరుకుపోయి ఉంది. స్కానర్‌కి అందలేదు. రాళ్లు తొలగించి చేత్తో కొలవాలంటే ఇంకో వారం. నేనేం చేశానంటే, దక్షిణం వైపు గీసినదాన్నే మిర్రర్ కమాండ్‌తో ఉత్తరానికి తిప్పేశాను. గుడి కదా, రెండు పక్కలా ఒకేలా కట్టి ఉంటారు కదా అనుకున్నాను. ఒక్క క్లిక్! నక్ష ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను. మేడం "మొత్తం కొలిచినవా?" అని అడిగారు. "కొలిచినాను మేడం" అన్నాను. నమ్మి సంతకం పెట్టారు.

విప్పినవాళ్లు వేరు, తర్వాత నిలబెట్టే పని తీసుకున్నవాళ్లు వేరు. మధ్యలో రాళ్లు రెండు వానాకాలాలు ఆరుబయట పడున్నాయి. ఈలోగా నాకు ఆఫీసులో మంచి పేరొచ్చింది. టీమ్ లీడ్‌గా నా పేరే రాసి పంపానని మేడం చెప్పారు కూడా. ఆ వారంలోనే, ఒక రోజు పదకొండింటికి, సైటు నుంచి కొమురయ్య మేస్త్రి ఫోన్ చేశాడు.

"అమ్మా, పదకొండో స్తంభం పక్కదానికంటే నాలుగు వేళ్లు ఎత్తు వస్తున్నది. మీ నక్షల అన్ని సమానమే ఉన్నయి. కింద నాలుగు వేళ్లు కొట్టేసి నిలబెట్టుమంటున్నడు ఇంజినీరు. నాకు మనసొప్పుతలేదు. నక్ష కరెక్టే అని మీరు ఒక్క మాట చెప్తే, అన్నం తిన్నంక కొట్టేస్త."

పదకొండోది ఉత్తరం వైపు స్తంభం. "ఐదు నిమిషాల్లో మళ్లీ ఫోన్ చేస్తా అన్నా" అని పెట్టేశాను. అవునంటే చాలు, ఎవరికీ తెలియదు. నాలుగు వేళ్ల రాయి మట్టిలో కలిసిపోతుంది, నేను టీమ్ లీడ్ అవుతాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు అదే ఆలోచించాను. తర్వాత మేస్త్రి మాట గుర్తొచ్చింది. రాయి కొట్టడమే బతుకైనవాడికి మనసొప్పలేదట, నాకెలా ఒప్పుతుంది? లేచి మేడం టేబుల్ దగ్గరికి వెళ్లాను.

"మేడం, ఉత్తరం పక్క నేను కొలవలేదు. దక్షిణందే తిప్పి పెట్టినాను. మీకు అబద్ధం చెప్పినాను."

తిడతారనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "రాయి కోసిండ్రా?"

"ఇంకా లేదు."

ఫోన్ తీసి, "కొమురన్నా, ఉలి కింద వెట్టు. నేనొస్తున్న" అన్నారు. అవతల ఇంజినీరు ఫోన్ లాక్కుని క్రేన్ వచ్చేసిందని, పని ఆగితే ఊరుకోరని ఏదో గట్టిగా అరుస్తున్నాడు. "ఆపుమన్నది బాలమణి అని రాసుకోండి సార్" అని పెట్టేశారు. కారులో మూడు గంటలు. నేను కిటికీలోంచి చూస్తూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఘట్‌కేసర్ దాటాక తన టిఫిన్ డబ్బా నా ఒళ్లో పెట్టారు. "జర తిను. ఉత్త కడుపుతోని ఏడిస్తే తల నొస్తది." నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

సైటులో పదకొండో స్తంభం పక్కకి పడుకోబెట్టి ఉంది. అడుగున సుద్దతో గీత. మేడం దాని పక్కన కింద కూర్చుని, వేలి కణుపులతో అంగుళం అంగుళం కొట్టి చెవి పెట్టి విన్నారు. సుద్దగీత దగ్గర ధ్వని మారింది. నీళ్లు పోయిస్తే తడి రాతిలో వెంట్రుకంత తెల్లటి చార కనిపించింది, స్తంభం పొడవునా సగం దాకా. "ఈడ దెబ్బ పడితే గీ చారెంట పగులు మీదికి పోతుండె" అన్నారు. పక్కనున్న కొమురయ్య మేస్త్రి తల పట్టుకుని "అయ్యో నా తల్లీ" అన్నాడు. తర్వాత ఆవిడ ఆ స్తంభం కింద ఉండాల్సిన పీఠం రాయి దగ్గరికి వెళ్లారు. నా నక్షలో అది చదునుగా ఉంది, చూడటానికీ చదునే. మేడం జడలోంచి పిన్ను తీసి మధ్యలో గీకారు. మట్టి రాలింది. రెండు వానాకాలాల బురద గట్టిపడి రాయిలా అయిపోయింది. మేస్త్రి గునపంతో మెల్లగా తవ్వితే చతురస్రంగా ఒక గుంట బయటపడింది. మేడం చెయ్యి పెట్టి కొలిచారు. సరిగ్గా నాలుగు వేళ్లు.

నా చెయ్యి పట్టుకుని ఆ గుంటలో పెట్టించారు. ఉలి దెబ్బలు వేళ్లకి తగిలాయి. ఆవిడ పకపకా నవ్వారు.

"అర్థమైందా? గా కాలంల పని చేసినాయన కొలత తప్పిండు. స్తంభం నాలుగు వేళ్లు పొడుగొచ్చింది. చెక్కుడైంది, నునుపు చేసుడైంది, అప్పుడు చూసుకున్నడు. మస్తు పరేషాన్ అయ్యుంటడు పాపం. చార సంగతి ఆయనకెర్క. అందుకే స్తంభాన్ని ముట్టలే, కింద పీఠాన్ని తవ్విండు. ఎనిమిది వందల ఏండ్లు నిలవడ్డది."

సాయంత్రం ఇంజినీరు, పై అధికారి ఇద్దరూ వచ్చారు. "నక్షలో గుంట లేదు కదా మేడం" అన్నాడు ఇంజినీరు. "నక్ష తప్పు" అన్నారు మేడం. ఎవరు గీశారని అధికారి అడిగాడు. "మా సెక్షన్" అన్నారు. ఆవిడ ఇంకో మాట అనకముందే, నాకు ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో, "నేను సార్. కొలవకుండా గీసినాను" అన్నాను. మేడం నావైపు తిరగలేదు కానీ భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ మాట లేకుండా.

తొమ్మిది రోజులు ఆ ఊళ్లోనే ఉండి ఉత్తరం పక్క రాయి రాయీ దారంతో కొలిచాను. రెండు పక్కలూ ఒకటి కానే కాదు. ఒక దూలం వెడల్పు, ఒక పీఠం ఎత్తు, దేని సర్దుబాటు దానికి ఉంది. నేను ఒక్క క్లిక్‌తో చెరిపేసింది అంతమంది తెలివిని. మండపం నిలబడింది. పదకొండో స్తంభం తన గుంటలో దిగి పక్కవాటితో సమానంగా నిలిచినప్పుడు కొమురయ్య మేస్త్రి తలపాగా తీసి దండం పెట్టాడు. నేనూ మేడం ఒకరినొకరం చూసుకుని ఏడ్చేశాం. టీమ్ లీడ్ పదవి ఆ ఏడు నాకు రాలేదు. రాకపోవడమే న్యాయం.

చివరి నక్ష పంపేముందు మేడం దాని మీద రెండు వాక్యాలు రాయించారు. 'పదకొండో స్తంభం పీఠాన్ని మొదట కొలవకుండా గీసినవారు' అని నా పేరు. కింద 'చేత్తో కొలిచి సరిదిద్దినవారు' అని మళ్లీ నా పేరే. నాకు తలకొట్టేసినట్టయింది. "మేడం, మొదటిది తీసేయండి మేడం" అని బతిమాలాను.

"ఎందుకు తియ్యాలె? ఆయన తప్పు ఆ గుంటల ఉన్నది. దాసిపెట్టిండా? నీది కాగితం మీద ఉండనియ్" అన్నారు.

ఇప్పుడు ఆ సెక్షన్‌కి నేనే హెడ్‌ని. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు కంప్యూటర్ ఇవ్వను. ఆ నక్ష టేబుల్ మీద పరిచి, చదవండి అంటాను. మొదటి వాక్యంలో పేరు దగ్గర ఆగుతారు. తల ఎత్తి నన్ను చూస్తారు. చూడనిస్తాను.