బసలింగవ్వ చోటు

బసలింగవ్వకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే, దాన్ని పూర్తిగా చంపబోయింది మేమే. పాత చీర చింపి మెడకు కట్టు కట్టి, చేతిని అందులో పడుకోబెట్టాం. అన్నం కలిపి నోట్లో పెట్టాం. తల దువ్వాం. పైగా ఎంత బాగా చూసుకుంటున్నామో అని మురిసిపోయాం. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

గదగ్ బస్టాండు వెనక ఆమెది రొట్టెల అంగడి. ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చుని జొన్నరొట్టెలు కొట్టింది. ఎడమచెయ్యి అంచు పట్టి తిప్పుతుంటే కుడిచెయ్యి చరిచేది. ఆ చప్పుడు విని బస్సు డ్రైవర్లు లోపలికి వచ్చేవాళ్ళు. నేను పక్కన కూర్చుని పిండి పిసికేదాన్ని. ఆమె మంచాన పడ్డాక, కొడుకు ఈరణ్ణ నన్ను ఆమె రొట్టెలు కొట్టే పీట ముందు కూర్చోబెట్టాడు. నేను కూర్చున్నాను. వద్దనాలని తోచనే లేదు.

మూడు నెలలకు ఆసుపత్రి నుంచి సుమంగళ అనే అమ్మాయి వ్యాయామం నేర్పడానికి వచ్చింది. కట్టు చూడగానే మండిపడింది.

"ఎవరు కట్టారిది?"

"నేనే మేడం. చెయ్యి వేలాడుతుంటే చూడలేక..." అన్నాడు ఈరణ్ణ.

"వేళ్ళు కాస్త కదులుతున్నాయి కదయ్యా! రోగం చేతిలో లేదు. తలలో చేతిని నడిపించే చోటు కొంత చచ్చిపోయింది. పక్కనున్న చోటు ఆ పని నేర్చుకుంటుంది, కానీ పని పెడితేనే. ఖాళీగా వదిలేస్తే ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. ఆ తర్వాత లెమ్మన్నా లేవరు."

బసలింగవ్వ తల తిప్పి నాకేసి చూసింది.

"విన్నావా నీలవ్వా?" అంది. మాట ఇంకా ముద్దముద్దగానే వస్తోంది. కోపం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

సుమంగళ ఆ కట్టు విప్పి బాగున్న చేతికి కట్టింది. రోజూ మూడు గంటలు కుడిచేత్తోనే పని చేయాలంది. పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. ఆమె వెళ్ళగానే బసలింగవ్వ దాన్ని కాలితో తన్నింది.

"బంతాట ఆడ్డానికి నేనేమన్నా చంటిపిల్లనా? పిండి తే!"

తెచ్చాను. మొదటివారం పిడికిలి విడలేదు, పిండిముద్ద మీద రాయిలా పడేది. నెల దాటాక రెండు వేళ్ళు విచ్చుకున్నాయి. రొట్టె చినిగేది, ఆమె తిట్టేది, మళ్ళీ ముద్ద చేసేది. ఎన్ని వందల ముద్దలో నాకు తెలియదు. చూడలేక నేను అంచు సర్దబోతే అరిచింది.

"చెయ్యి తియ్యి! నువ్వు చేస్తే నీ తల నేర్చుకుంటుందే, నాది కాదు!"

ఈరణ్ణ "బాగా వచ్చిందమ్మా" అన్నాడో, వాడి పని అయిపోయినట్టే.

"చిరుగు కనబడ్డం లేదా? అబద్ధమాడితే వాత పెడతా!"

ఈ వయసులో ఇంత అవస్థ ఎందుకని చుట్టాలు వచ్చి నిట్టూర్చేవాళ్ళు. వాళ్ళను నేనే గుమ్మం దాటించాను.

ఏడో నెలలో ఒక పొద్దున పెనం వేడెక్కుతుండగా, గోడ పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది.

"లే."

"అక్కా, డ్రైవర్లు వచ్చే వేళ..."

"రానీ. నా చోట్లోంచి లే."

నిజం చెబుతున్నాను, లేవబుద్ధి కాలేదు. ఇన్ని నెలలకు వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. పీట నా చేతికి అలవాటైంది. ఇంత కష్టపడి వచ్చిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. లేచాను.

ఆమె కూర్చుంది. ఎడమచెయ్యి తిప్పింది, కుడిచెయ్యి చరిచింది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి ఆలస్యంగా. బయటి నుంచి ఒక డ్రైవరు కేకేశాడు.

"ఎవరమ్మా ఇవాళ? చప్పుడు తేడాగా ఉందే!"

"నేనేరా! తింటే తిను, లేకపోతే పో!"

నేను పిండి గిన్నె దగ్గర కూర్చుని వేడినీళ్ళు పోశాను.