చూపు కోసం దాచుకున్న పన్ను

మా మేనమామ, నాకు నేత నేర్పిన గురువు వీర్రాజు గారు ఇక లేరని కాకినాడ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మగ్గం మీదే ఉన్నాను. చేతిలో అడ్డపోగు తీసుకెళ్ళే నాడె అలాగే ఆగిపోయింది. బండారులంకలో ఆయన నేసిన చీర కట్టుకున్న ప్రతి ఇల్లాలూ ఆ రోజు కంటతడి పెట్టింది. నాకు మాత్రం కన్నీటి కంటే ముందు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు. ఆ మహానుభావుణ్ణి పొట్టనపెట్టుకున్నది విధి కాదు, పుచ్చిపోయిన ఒక పై దవడ పన్ను.

ఆయన దృష్టి అసాధారణం. సన్నని పోగు తెగితే గది అవతల నుంచే కనిపెట్టేవారు. అది చూసి కూడా నేను బద్ధకించి నాడె విసిరితే మగ్గం ఆపించేవారు. "చూసేక కూడా వదిలేసేవంటే ఆ తప్పు చెంగుదాకా వస్తాదిరా. తెగినప్పుడే అతుకు" అనేవారు. తిట్టడం ఆయనకు చేతకాదు. నేను అతికేదాకా పక్కనుంచి కదిలేవారు కాదు, అంతే.

అలాంటి మనిషి ఆ పంటి దగ్గర లవంగం దోపుకుని, రెండో వైపు నములుతూ ఏడాది పైగా నెట్టుకొచ్చారు. చిన్ననాటి కీళ్ళ జ్వరం వల్ల ఆయన గుండె కవాటం ఒకటి అప్పటికే దెబ్బతిని ఉంది. అమలాపురంలో పళ్ళ డాక్టరమ్మ ఆ సంగతి విని స్పష్టంగా చెప్పారు.

"ఈ చీము నోట్లోనే ఉండిపోదండి. క్రిములు నెత్తురులో కలిసి ఆ కవాటం మీద చేరతాయండి. ముందు మందిచ్చి పన్ను తీసేద్దామండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు మావయ్య. నేను పక్కనే ఉన్నాను.

ఇంటికి రాగానే మావయ్య అన్నగారు అరుగు మీద కూర్చునే తీర్పు చెప్పేశారు. "పై పన్ను కంటి నరానికి అంటుకునుంటాదిరా. పీకించేవంటే చూపు పోద్ది. అప్పుడు మగ్గమెక్కి ఏం చేస్తావు?" డిగ్రీలు చదివిన మావయ్య కొడుకులు సైతం తలలూపారు. పళ్ళన్నీ రాలినా సూదిలో దారం ఎక్కిస్తున్న మా అమ్మమ్మనే ఎదురుగా చూపించి గొంతు చించుకున్నాను. ఎవరు విన్నారు? చూపే జీవనాధారమైన మనిషి భయపడ్డాడు. భయపెట్టిన వాళ్ళకేం పోయింది?

తర్వాత వదలని జ్వరం పట్టుకుంది. మందుల షాపు బిళ్ళలు వేశారు, దిష్టి తీశారు. కాకినాడ తీసుకెళ్ళేసరికి క్రిములు ఆ కవాటాన్ని తినేశాయి. దశాహం నాడు అన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "చూపు మాత్రం చివరిదాకా చెక్కుచెదరలేదు, అదృష్టవంతుడ్రా" అన్నారు. ఆ చేతిని తోసేశాను. అమర్యాద అనుకున్నవాళ్ళు అనుకోనీ.

అటువంటి నేత బండారులంక మళ్ళీ చూడదు. ఆయన పటానికి దండలు చాలానే పడ్డాయి, నా నివాళి వేరు. పోయిన వారం అదే డాక్టరమ్మ దగ్గర నా పై దవడ పుచ్చుపన్ను తీయించుకున్నాను. మర్నాడు ఆయన సగంలో వదిలిన చీర ముందు, ఆయన మగ్గం మీద కూర్చున్నాను. ఒక పోగు తెగింది. నాకు కనబడింది, అతికాను.

మీకూ కనబడేది, మావయ్యా.